ఒకే సంస్థ, ఒకే బఫర్

మా విషహర పరిశోధనాలయంలో పదిహేడు రకాల ఉప్పునీళ్లు ఉన్నాయని మా డైరెక్టరు గారు కనిపెట్టింది ఒక మంగళవారం నాడు. ఆ వారం నాకు బాగా గుర్తు. ఎందుకంటే ఆ తర్వాత వెలువడిన ఉత్తర్వులన్నీ ఆ మంగళవారాన్ని ప్రస్తావిస్తూనే మొదలయ్యాయి. వాటన్నిటినీ రాసింది నేనే.

నా పేరు వేదాద్రి. ఇక్కడ ఆఫీసు సూపరింటెండెంటుని. సైన్సు నాకు రాదు. అయితే ఎంతటి విషయాన్నయినా 'పై సూచికలో పేర్కొన్న మేరకు' అని మొదలుపెట్టి 'తగు చర్య నిమిత్తం' అని ముగించడం వచ్చు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా ముసాయిదా ఒక్కటీ తిప్పి పంపలేదు.

డైరెక్టరు డాక్టర్ విశ్వంభరం గారు అంతకుముందు వారం 'ఏకరూపత ద్వారా ఉత్కృష్టత' అనే మూడు రోజుల సదస్సుకు వెళ్లి వచ్చారు. అక్కడ ఇచ్చిన సంచి భుజాన ఉండగానే ప్రయోగశాలలన్నీ తిరిగారు. ఒక బల్ల ముందు ఆగి రెండు సీసాలు చేత్తో పట్టుకున్నారు.

"ఇవేమిటి?"

"బఫర్లు సార్. ప్రోటీన్లు పాడవకుండా, పులుపు ఎక్కువ కాకుండా తక్కువ కాకుండా చూసే ఉప్పునీళ్లు" అని అక్కడున్నవాళ్లు చెప్పారు.

"రెండిటికీ తేడా?"

"ఒకదాంట్లో ఫాస్ఫేటు ఉంది, ఇంకోదాంట్లో బైకార్బొనేటు ఉంది సార్."

ఆయన సీసాలు రెండూ కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "నాకు మాత్రం రెండూ నీళ్లలాగే కనిపిస్తున్నాయి" అన్నారు.

సాయంత్రానికి ఏకరూప ద్రావణ అమలు సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఆయనే. సభ్యుడు స్టోర్సు అధికారి పురుషోత్తమరాజు గారు. కార్యదర్శిని నేను. పదిహేడింటిలో ఏది ఉంచాలన్న ప్రశ్న పది నిమిషాల్లో తేలిపోయింది. ట్రిస్ అనే పదార్థం స్టోర్సులో అన్నిటికంటే ఎక్కువ నిల్వ ఉంది. పైగా పేరు చిన్నది, గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. మర్నాటికి గేటు పక్క గోడ మీద 'ఒకే సంస్థ, ఒకే బఫర్' అని నీలం రంగులో వెలిసింది.

ఉత్తర్వు అందరికీ వర్తిస్తుందని నేనే రాశాను కాబట్టి గుర్రాలశాల పర్యవేక్షకుడు బుద్ధిగా ఒక లేఖ పంపాడు. గుర్రాలు తాగుతున్నది మామూలు నీరు, అది పద్దెనిమిదో రకం ద్రావణం కిందికి వస్తుందా అని అడిగాడు. సంఘం గంటసేపు చర్చించింది. 'నీటి స్వభావంపై స్పష్టత వచ్చేంతవరకు గుర్రములు తాత్కాలిక ప్రాతిపదికన నీరు త్రాగుటకు అనుమతించడమైనది' అని నేను జవాబు రాశాను. ఆ అనుమతిని మూడు నెలలకొకసారి పొడిగిస్తున్నాం.

మిగిలిన పదహారు రకాల రసాయనాలను ఏం చేయాలన్నది రాజు గారి పని. సీలు తీయని సీసాలు పారేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. అందుకని లేబుళ్లు చదివి, తినడానికి పనికొచ్చేటట్టు అనిపించినవన్నీ క్యాంటీనుకు పంపేశారు. సోడియం బైకార్బొనేటు వంటసోడాయే కదా అన్నారు. సోడియం క్లోరైడు ఉప్పు, సిట్రిక్ ఆమ్లం నిమ్మ ఉప్పు. అలా దేశంలోకెల్లా శుద్ధమైన ఉప్పుతో మా క్యాంటీనులో బజ్జీల పిండి కలపడం మొదలైంది.

ఇక డాక్టర్ తిరుపాలమ్మ గారి గురించి చెప్పాలి. ఈ కథ జరిగింది ఆమెకే.

ఆమె మా సంస్థలో ప్రోటీన్ల శాస్త్రవేత్త. నలభై దాటిన మనిషి. మెట్ట పొలాల నుంచి చదువుకుని వచ్చింది. మాట మెత్తన, నడక వేగం. నాలుగేళ్లుగా ఒకటే పని మీద ఉంది. మా ప్రాంతంలో వేరుశనగ పెరికే రోజుల్లో ఎర్రతేళ్లు కుడతాయి. మామూలు తేలు కుడితే మంట, అంతే. ఎర్రతేలు కుడితే ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె అదుపు తప్పి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దానికి విరుగుడు మందు గుర్రం రక్తం నుంచి వస్తుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు యాంటీబాడీలు పుడతాయి. కానీ ఆ రక్తరసంలో పనికొచ్చేది పదో వంతు కూడా ఉండదు. మిగతాది రోగి ఒంట్లోకి వెళితే దద్దుర్లు, ఆయాసం, ఒక్కోసారి తేలు చేయలేని పని అదే చేస్తుంది.

పనికొచ్చే ఆ కాస్తను ఏరి పట్టడం తిరుపాలమ్మ గారి పని. అందుకు ఆమె తెప్పించింది ముందే యాక్టివేట్ చేసిన అగరోజ్ రెజిన్. సముద్రపు నాచు నుంచి తీసే పదార్థంతో చేసిన, కంటికి ఆనని పూసలు అవి. తడిపితే తెల్లటి సగ్గుబియ్యం జావలా ఉంటాయి. ఒక్కో పూస మీద లెక్కలేనన్ని కొక్కేలు ఉంటాయి. వాటికి తేలు విషంలోని ప్రోటీన్ను తగిలించి, పూసలను గాజు గొట్టంలో నింపి, పైనుంచి గుర్రం రసం పోస్తే, విషానికి విరుగుడైన యాంటీబాడీలు మాత్రం వచ్చి ఆ విషాన్ని పట్టుకుని ఆగిపోతాయి. మిగతాదంతా కిందికి కారిపోతుంది. తర్వాత కాస్త పుల్లటి ద్రావణం పోస్తే ఆగినవి వదిలి కిందికి దిగుతాయి. అదే మందు. ఆ గొట్టాన్నే కాలమ్ అంటారు. ఒకసారి సరిగ్గా తయారైతే పదే పదే వాడుకోవచ్చు.

రెజిన్ సీసాలు మూడు వచ్చాయి. విషం తెచ్చింది ఓబులేసు. గుట్టల్లో రాళ్లు తిప్పి, పొడవాటి పటకారుతో తేళ్లను పట్టి తెచ్చి, విషం తీయించాక మళ్లీ ఆ రాళ్ల కిందే వదిలి వచ్చే మనిషి. ఏడాదంతా తిరిగితే చేరిన విషం చిటికెడు. బరువు చూస్తే నలభై మిల్లీగ్రాములు.

ఉత్తర్వు వచ్చిన మూడో రోజు ఆమె నా గదికి వచ్చి కూర్చుంది.

"వేదాద్రి గారూ, ఒక్క మినహాయింపు కావాలి. విషం తగిలించేటప్పుడు ట్రిస్ వాడకూడదు. బైకార్బొనేటు కావాలి."

"కారణం రాయాలి మేడం. నాకు అర్థమయ్యేట్టు చెబితే నేనే రాస్తాను."

ఆమె కాస్త ఆలోచించింది. "పల్లె బస్సు ఎక్కారు కదా. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తారు. తువ్వాలు పడ్డ సీటు ఇంకొకరికి రాదు. ఈ రెజిన్ మీద ఉన్నవి సీట్లు. ప్రోటీన్ ఎక్కి కూర్చోవాలి. ట్రిస్ అణువు చివర కూడా ప్రోటీన్‌కున్నలాంటి పట్టే ఉంటుంది. చిన్నది, చురుకైనది, కోట్లకొద్దీ ఉంటుంది. ప్రోటీన్ మెట్టెక్కేలోపు అది అన్ని సీట్ల మీదా తువ్వాళ్లు వేసేస్తుంది."

నాకు పూర్తిగా అర్థమైంది. చక్కటి వినతి రాశాను. మర్నాడు దానికి జవాబు రాయమని డైరెక్టరు గారు నాకే ఇచ్చారు. అదీ చక్కగానే రాశాను. 'ట్రిస్ అణువు ప్రోటీన్ అణువుతో పోటీపడునన్న వాదన సంస్థలోని ఐక్యతా స్ఫూర్తికి విఘాతం. ఉభయ అణువులు పరస్పర సమన్వయంతో మెలగుటకు తగు వాతావరణం కల్పించవలసిన బాధ్యత సంబంధిత శాస్త్రవేత్తదే.' చివరి వాక్యం ఆయన చెప్పలేదు. ఊపులో నేనే చేర్చాను. ఆయనకు బాగా నచ్చింది.

తిరుపాలమ్మ గారు ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఇది రాసింది మీరేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె కాగితం మడిచి నా బల్ల మీదే వదిలి వెళ్లింది. నా ముసాయిదా చదివి ఎవరైనా అలా వదిలి వెళ్లడం నాకు అదే మొదటిసారి.

మొదటి ప్రయోగం సంఘం సమక్షంలో జరగాలని నిర్ణయమైంది. డైరెక్టరు గారు ఏకరూపత మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. సీసా తెరిచేముందు, "ఇది ముందే యాక్టివేట్ అయినదైతే దానంతట అదే పని చేయాలి కదా, మధ్యలో మీరు దేనికి?" అని ఆమెను అడిగారు. ఆమె పూసలను చల్లటి పలుచని ఆమ్లంలో ఉబ్బబెట్టి కడిగింది. ఓబులేసు ఏడాది కష్టాన్ని, ఉత్తర్వు ప్రకారం, ట్రిస్‌లో కరిగించి పూసలతో కలిపింది. కలిపేటప్పుడు ఆమె ముఖం నేను చూశాను. బిడ్డ చేత చేదు మందు తాగించే మనిషి ముఖంలా ఉంది, కాకపోతే అది మందు కాదని ఆమెకు తెలుసు.

రెండు గంటలు తిప్పాక పూసలను కడిగి, ఆ కడుగునీళ్లలో ఎంత ప్రోటీన్ ఉందో యంత్రంలో పెట్టి చూశారు. తగిలినది పూసల మీద ఉండిపోతుంది, తగలనిది నీళ్లలో వచ్చేస్తుంది. యంత్రం తొంభై ఎనిమిది శాతం చూపింది.

"అంటే?" అన్నారు డైరెక్టరు గారు.

"వేసింది వేసినట్టే బయటికి వచ్చేసింది సార్."

"వేసిన ప్రోటీన్‌లో తొంభై ఎనిమిది శాతం మనకు తిరిగి దక్కిందన్నమాట."

"దక్కింది సార్. అదే సమస్య."

"నష్టం రెండే శాతం" అన్నారు రాజు గారు ఆనందంగా. "నా సర్వీసులో స్టోర్సు నుంచి వెళ్లిన ఏ సరుకూ ఇంత నిండుగా తిరిగి రాలేదు."

మర్నాడు ఆమెకు శాలువా కప్పారు. సన్మాన పత్రం నేనే రాశాను. 'ప్రోటీన్‌కు ఎట్టి హాని కలగనీయని సున్నిత ప్రక్రియ' అన్న మాట పత్రికల వాళ్లు కూడా వేసుకున్నారు. ఆమె శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, కడుగునీళ్ల సీసాను జాగ్రత్తగా శీతల గదిలో దాచింది. ఆమెకు ఆ రోజు దక్కిన సన్మానం నిజానికి అదొక్కటే. విషం పోలేదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. వారం తిరక్కుండానే ఆ కాలమ్‌లో గుర్రం రసం పోయమన్నారు. పోశారు. పైన పోసింది పోసినట్టే కింద కారింది. రసం కూడా తొంభై తొమ్మిది శాతం తిరిగి వచ్చిందని సంఘం హర్షం ప్రకటించింది. దానిని చిన్న సీసాల్లో నింపి, 'శుద్ధి చేయబడినది' అని లేబులు వేసి, గుండ్లపెంట ఆసుపత్రికి పంపమని తీర్మానించింది. లేబులు మీద శాస్త్రవేత్త సంతకం కావాలి.

"నేను చేయను" అంది తిరుపాలమ్మ గారు.

"ప్రక్రియ మొత్తం మీ చేతుల మీదుగానే జరిగింది కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

"జరిగింది సార్. శుద్ధి మాత్రం జరగలేదు. ఇది ఎక్కిస్తే తేలు కుట్టి వచ్చిన మనిషి మన మందుతో పోతాడు."

"శుద్ధి అనే పదానికి మీరు సంకుచితమైన అర్థం తీసుకుంటున్నారు."

ఆమె తల ఊపి లేచి వెళ్లిపోయింది. సంతకం లేక ఆ సీసాలు ఆగిపోయాయి. 'శాస్త్రవేత్త సహాయ నిరాకరణ' అని ఫైలులో రాయమన్నారు, రాశాను. ఆ సీసాల కవరింగ్ లెటరు కూడా నేనే రాసి పెట్టుకున్నాను, ఆమె సంతకం పెట్టి ఉంటే నా ఉత్తరంతోనే అవి వెళ్లేవి.

మర్నాడు గుండ్లపెంట నుంచి డాక్టర్ ఫరూక్ ఫోను చేశాడు. ఆఫీసు ఫోను కాబట్టి నేనే ఎత్తాను.

"సార్, శనక్కాయ పెరికేది మొదలైంది. నిన్న ముగ్గురు వచ్చినారు. పాత మందు పదకొండు సీసాలే ఉండాయి. దాంతో ఇద్దరికి ఒళ్లంతా దద్దుర్లు. మేడంని అడగండి, ఎప్పుడు పంపిస్తారు?"

నేను వెళ్లి చెప్పాను. ఆమె కడుగునీళ్ల సీసా నాకు చూపించింది. "విషం ఉంది. పలుచటి పొర సంచిలో పోసి నానబెడితే ట్రిస్ బయటికి పోతుంది, విషం లోపలే ఉంటుంది. రెజిన్ రెండు సీసాలున్నాయి. బైకార్బొనేటు మాత్రం ఈ కాంపౌండులో ఒక్క చోటే ఉంది" అని క్యాంటీను వైపు చూసింది.

క్యాంటీను నడిపేది సుంకమ్మ. ఆమె దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

"ఆ తెల్ల సీసాలా? వాడతాండా. బజ్జీలు బాగా పొంగుతాండాయి" అంది సుంకమ్మ. "ఇంగా ఆరు సీసాలు సీలు గూడా తీయల్యా. కావాలంటే తీస్కపోండి. కానీ రాజు సార్ లెక్క అడుగుతాడు. కాగితం ల్యాకుండా నేను ఉప్పురాయి గూడా ఇయ్యకూడదంట."

కాగితం అంటే నా విద్య. గదికి వచ్చి కూర్చున్నాను. ప్రయోగశాలకు బైకార్బొనేటు ఇవ్వడం ఉత్తర్వుకు విరుద్ధం. ప్రయోగశాలకు ఫలహారం ఇవ్వడం విరుద్ధం కాదు. 'ప్రోటీన్ విభాగమునకు సుదీర్ఘ ప్రయోగ నిమిత్తం నూట ఇరవై బజ్జీలకు సరిపడు సోడా, ఉప్పు, నిమ్మ ఉప్పు సరఫరా చేయవలెను. శాస్త్రీయ కారణముల దృష్ట్యా బజ్జీలు అవసరం లేదు' అని రాశాను. రాజు గారు చదివి, పిండి మిగులుతుందని సంతోషించి సంతకం పెట్టారు.

ఇరవై ఆరేళ్లలో నేను నిజం కోసం రాసిన మొదటి కాగితం అది. అందులో బజ్జీలు ఉండటం నా తప్పు కాదు.

ఆ శనివారం మధ్యాహ్నం డైరెక్టరు గారు ఇంకో సదస్సుకు వెళ్లగా ఆమె పని మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. చల్లటి ఆమ్లంలో రెజిన్ ఉబ్బింది. కడగడం, ట్రిస్ వదిలించి సోడా ఉప్పునీళ్లలోకి మార్చిన విషాన్ని కలపడం అంతా ఆమె నిమిషాల్లో ముగించింది. కొక్కేలు ఎక్కువసేపు ఆగవట. తడి తగిలాక ఎవరూ రాకపోతే వాటంతటవే మొద్దుబారతాయట. సీసాను తిప్పే యంత్రానికి తగిలించి, ఆమె రెండు గంటలూ దాన్నే చూస్తూ నిలబడింది.

కడుగునీళ్లు యంత్రంలో పెట్టింది. ఆరు శాతం.

ఆమె కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. "పట్టుకుంది" అంది. "తొంభై నాలుగు పాళ్లు పట్టుకుంది."

తర్వాత షెల్ఫు మీద నుంచి ట్రిస్ సీసా తీసింది. నాకు గాభరా వేసింది.

"అదెందుకు మేడం?"

"ఇంకా కొన్ని సీట్లు ఖాళీగా ఉంటాయి. అలాగే వదిలేస్తే గుర్రం రసంలో పనికిరానివన్నీ వచ్చి కూర్చుంటాయి. వాటిని మూసేయడానికి ట్రిస్ అంత మంచిది ఇంకోటి లేదు." పూసల్లో దాన్ని పోస్తూ మెల్లగా నవ్వింది. "ట్రిస్ ఏ తప్పూ చేయలేదు వేదాద్రి గారూ. రెండు గంటలు ముందు పిలిచారు, అంతే."

ఉత్తర్వు ప్రకారం ట్రిస్ వాడినట్టు రికార్డులో రాసుకున్నాను. అబద్ధం కాదు.

ఆ కాలమ్ మీద గుర్రం రసం పోసి, నిమ్మ ఉప్పు నీళ్లతో విరుగుడును దించి, ట్రిస్‌తోనే పులుపు విరిచి, వడకట్టి, పరీక్షలన్నీ దాటించి, ముప్పై ఆరు సీసాలు నింపింది. లేబులు మీద ఈసారి సంతకం పెట్టింది. నేను కవరింగ్ లెటరు రాయకుండానే వాటిని గుండ్లపెంట బస్సులో మంచుపెట్టెతో పంపించాను. పది రోజుల తర్వాత ఫరూక్ ఫోను చేశాడు. ఈశ్వరమ్మ అనే కూలీ నోట్లోంచి నురగ వస్తుండగా వచ్చిందట. మందు ఎక్కించిన కొన్ని గంటలకు ఊపిరి కుదురుకుందట. దద్దుర్లు లేవు. "గంజి అడుగుతాండాది సార్" అన్నాడు. డాక్టరు గొంతులో అంత తేలిక నేను ఎన్నడూ వినలేదు.

ఈ సంగతి సదస్సు నుంచి వచ్చిన డైరెక్టరు గారికి మందు వైపు నుంచి కాదు, రిజిస్టరు వైపు నుంచి తెలిసింది. ప్రతి ప్రయోగం ఫలితాన్ని నిర్ణీత నమూనాలో నింపాలి. నమూనాలో 'తిరిగి దక్కిన ప్రోటీన్ శాతం' అని ఒకే గడి ఉంది. తిరుపాలమ్మ గారు నిజాయితీగా అందులో ఆరు అని రాసింది.

విచారణ జరిగింది. ప్రశ్నలూ జవాబులూ నేనే రాసుకున్నాను.

"మొదటి ప్రయోగంలో తొంభై ఎనిమిది. రెండో దాంట్లో ఆరు" అన్నారు డైరెక్టరు గారు. "మిగతా తొంభై నాలుగు శాతం ప్రభుత్వ ప్రోటీన్ ఎక్కడుంది?"

"రెజిన్ మీద ఉంది సార్."

"ఎవరి అనుమతితో ఉంది?"

"అక్కడ ఉండటమే దాని పని సార్. అందుకే మందు వచ్చింది. మనుషులు బతికారు."

"మనుషుల అంశం ఈ విచారణ పరిధిలోకి రాదు. మీరు ఆ ప్రోటీన్ను రెజిన్ నుంచి వేరుచేసి స్టోర్సుకు అప్పగించండి."

"రాదు సార్. అది అంటుకున్నది కాదు, రసాయన బంధం. తీస్తే రెండూ పాడవుతాయి."

రాజు గారు గొంతు సవరించుకున్నారు. "బంధం ఏర్పరచడానికి ముందు సంబంధిత అధికారి ఆమోదం తీసుకుని ఉండాల్సింది."

"రెజిన్ అమ్మేదే అందుకు సార్" అంది ఆమె.

ప్రోటీన్ను తిరిగి రాబట్టేంతవరకు కాలమ్‌ను సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవాలని తీర్మానించారు. అది చల్లగా, తడిగా ఉండాలని ఆమె చెప్పింది. సాక్ష్యం ఎక్కడ ఉంచాలో నిబంధన స్పష్టంగా ఉంది: తాళం వేసిన ఇనుప బీరువాలో. మా ఊరి ఎండలో, ఫ్యాను కూడా లేని రికార్డు గదిలో బీరువా తలుపు వేసి సీలు పెట్టింది నేనే. లక్క కరిగించి, ముద్ర గుద్ది, తలెత్తితే తిరుపాలమ్మ గారు గుమ్మంలో ఉంది.

మూడు వారాల తర్వాత ఓబులేసు వచ్చాడు. తన తేళ్ల విషం ఏమైందో కనుక్కుందామని వచ్చాడు. నేను బీరువా చూపించాను. అప్పటికి లోపల పూసలు ఎండి పెచ్చులు కట్టి ఉంటాయని ఆమె చెప్పింది.

ఓబులేసు బీరువా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "నాలుగు నూర్ల తేళ్లు సామీ" అన్నాడు. "ఒక్కోదాన్ని పట్టుకునేటప్పుడు చెప్తాంటి, నీ విషంతో నలుగురు బతుకుతారు, ఊరికే పోదు అని. ఇప్పుడు వాటికి ఏం చెప్పల్ల?"

'పరిశీలనలో ఉన్నది' అని అనబోయి ఆగాను.

అదే వారం ఫరూక్ మళ్లీ ఫోను చేశాడు. ముప్పై ఆరు సీసాలూ అయిపోయాయి. ముందు రోజు అంజినమ్మ అనే ఆమెను తెచ్చారు. ఇరవై తొమ్మిదేళ్లు. ఇంకో సీసా ఉంటే దక్కేది సార్ అని మాత్రం అన్నాడు. నేను ఫోను పెట్టేసి, ఆ మాట తిరుపాలమ్మ గారికి చెప్పడానికి మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగాను. చెప్పాక ఆమె కిటికీ వైపు తిరిగింది.

విచారణ ముగిసింది. ప్రభుత్వ ప్రోటీన్ను బంధించిన నేరానికి ఆమెను శాస్త్రీయ విధుల నుంచి తప్పించి క్యాంటీన్ పర్యవేక్షణాధికారిగా నియమించారు. ఉత్తర్వు రాయమని నాకు ఇచ్చారు. రాశాను, కానీ ఈసారి నా విద్యనంతా వాడాను. 'క్యాంటీన్ నందలి సమస్త పదార్థములు, శీతల పేటిక, తూకములు, మరియు అనుబంధంగా పాత ప్రోటీన్ విభాగమునకు చెందిన నిరుపయోగ సామగ్రి ఆమె ఆధీనమున ఉండును' అన్నాను. నిరుపయోగ సామగ్రిలో రెజిన్ మూడో సీసా ఉంది. ఏకరూప ద్రావణ ఉత్తర్వు నుంచి క్యాంటీనుకు ముందే మినహాయింపు ఉంది, అక్కడ సాంబారు కాయాలి కాబట్టి.

డైరెక్టరు గారు సంతకం పెట్టారు. నా ముసాయిదాలను ఆయన చదవడం మానేసి చాలా కాలమైంది.

ఓబులేసు వానలు పడగానే మళ్లీ గుట్టలెక్కాడు. తొలకరికి తేళ్లు బయటికి వస్తాయి కాబట్టి రెండు నెలల్లోనే సరిపడా విషం తెచ్చాడు. సుంకమ్మ వెనుక గది కడిగి సున్నం కొట్టించి, అందులోకి ఉల్లిపాయ బుట్ట కూడా రానివ్వలేదు. పెరుగు గిన్నెలను కింది అరకు దించి పై అర కాలమ్‌కు ఇచ్చింది. "ఆ గాజు గొట్టం ముట్టుకున్నోళ్లకు కాఫీ ల్యా" అని తలుపు మీద రాయించింది. ఏ ఉత్తర్వూ మా సంస్థలో అంత కచ్చితంగా అమలు కాలేదు. మూడో కాలమ్ ఇప్పటికి పద్నాలుగు సార్లు వాడారు, ఇంకా పట్టు తగ్గలేదు. నాణ్యత పరీక్షలకు సీసాలు 'క్యాంటీన్ తయారీ' అనే పేరుతో వెళ్తున్నాయి. పరీక్షించే వాళ్లు మొదట నవ్వారు, ఫలితం చూశాక నవ్వడం మానేశారు.

సంవత్సరాంతంలో వార్షిక నివేదిక రాసే బాధ్యత యథాప్రకారం నాకు వచ్చింది. ఏకరూప ద్రావణ పథకం విజయాల గురించి పదకొండు పేజీలు రాశాను. గుర్రాల నీటి అనుమతి పొడిగింపులకు ఒక అనుబంధం చేర్చాను. పన్నెండో పేజీలో రెండు వాక్యాలు రాశాను. గుండ్లపెంట ఆసుపత్రికి ఈ ఏడాది ఎర్రతేలు కుట్టి వచ్చినవారు నలభై మూడు మంది, వారిలో నలభై రెండు మంది నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లారు. నలభై మూడో మనిషి అంజినమ్మ వచ్చిన నాడు మందు చేసే కాలమ్ మా బీరువాలో సీలు వేసి ఉంది, సీలు వేసింది నేను.

ముసాయిదా తిరిగి వచ్చింది. నా సర్వీసులో మొదటిసారి. పన్నెండో పేజీ మీద డైరెక్టరు గారు ఆకుపచ్చ సిరాతో అడ్డంగా గీత గీసి, పక్కన రాశారు: 'ఈ రెండు వాక్యములు బఫర్‌కు సంబంధించినవి కావు. తొలగించవలెను.'

తొలగించాను. తొలగించి, ఇక్కడ రాశాను.